నాలుగు కిలోల సైలెన్సర్

విమానం దిగి పదకొండు రోజులైంది. దాన్ని నడుపుతున్న మా ఆయన శోభనాద్రి ఇంకా దిగలేదు. సీటు ఖాళీగా ఉంది, బెల్టు మాత్రం బిగించే ఉంది.

ఆయన పైనే ఉన్నాడు. రెండు రోజులకోసారి ఆయన చొక్కా గుండీ ఒకటి మా డాబా మీద పడుతోంది. అది ఎంత చల్లబడిందో చూసి, ఆయన గంట ప్రయాణమంత ఎత్తులో ఉన్నాడని లెక్కగట్టాను. ఐదు గుండీలు పడ్డాయి. ఇంకా రెండే ఉన్నాయి.

ఆరేళ్ళపాటు ఇద్దరం కలిసి షెడ్డులో కట్టుకున్న విమానం ఇది. నడపడం నాకూ వచ్చు. ఆయన్ని వెతకడానికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నలభయ్యో నిమిషంలో సైలెన్సర్ చీలిపోయింది. ఇంజన్ రోటరీది. దాని చప్పుడు ఆకాశమంతా నిండిపోయాక ఎవరు పిలిచినా వినపడదు. వెనక్కి రావాల్సి వచ్చింది.

చీలిన రెండింటినీ ఆటోనగర్‌లో వెల్డింగు చేసే ఖాసిం దగ్గరికి తీసుకెళ్తాను. అతను ఒక్కోదాన్నీ చెవికి ఆనించుకుని వింటాడు. మొదటిది పల్చటి రేకని, రెండోదానిలో చప్పుడు మింగడానికి కుక్కిన గాజుదూది కాలి ఎగిరిపోయిందని చెబుతాడు. తర్వాత బల్ల కింద నుంచి మూడోది లాగుతాడు. మందపాటి స్టెయిన్‌లెస్ స్టీలు, లోపల చిల్లుల పలకలు. దూది లేదు. వేడికి పలకలు సాగడానికి చోటు వదిలానంటాడు.

"రోటరీ పొగంటే నిప్పేనక్కా. దానికి ఇదొక్కటే ఆగుద్ది. కాకపోతే నాలుగు కిలోలు బరువెక్కువ. మీరు ఏదో ఒకటి దించాలి."

పెట్రోలు తగ్గించడానికి లేదు. పెళ్ళయిన మొదటి ఏడాదిని తీసి కాటా మీద పెడతాను. ముల్లు నాలుగు దాటి, కొంచెం ఊగి ఆగుతుంది.

"మళ్ళీ రాదక్కా," అంటాడు ఖాసిం, నా వంక చూడకుండా.

"ఆయన దగ్గర కూడా ఒకటుంది," అంటాను.

అది సబబేనన్నట్టు తలూపి, దాన్ని గోనెపట్టాలో చుట్టి పక్కన పెడతాడు.

మర్నాడు పొద్దున్నే ఉప్పుమళ్ళ పక్కనున్న మా రన్‌వే మీంచి లేస్తాను. నలభయ్యో నిమిషంలో సైలెన్సర్ ఎర్రబడుతుంది. యాభయ్యో నిమిషంలో తెల్లబడుతుంది. ఒక్క అతుకూ విడదు. గంటయ్యేసరికి ఇంజన్ చప్పుడు పక్కన పడుకున్న మనిషి ఊపిరంత మెత్తగా ఉంది. నేను కదలకుండా వింటాను.

ఆయన పిలుస్తున్నాడు. గొంతు కింద నుంచి వస్తోంది.

వంగి చూస్తాను. రన్‌వే మధ్యలో చేయెత్తి నిలబడి ఉన్నాడు.

"నేనొచ్చేశాను. ఇక దిగు," అంటున్నాడు.

విమానం ముక్కు కిందికి వంచుతాను. రన్‌వే రెండు చివర్లా ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళెవరో నాకు తెలియదు. రన్‌వేకి చెరో కొసా పట్టుకుని, ఉతికి ఆరేసిన చీరని మడిచినట్టు దాన్ని మడుస్తూ, ఒకరి వైపు ఒకరు నడుస్తారు. రెండో మడతలో మా ఆయన కనిపించడం మానేస్తాడు. గొంతు ఇంకా వినపడుతూనే ఉంది. వాళ్ళు ఆ మడతల్ని అరచేత్తో సాపు చేస్తున్న చప్పుడు కూడా వినపడుతోంది.