ప్లేటుదా, మనిషిదా

మచ్చలు తీసేస్తే పోస్టర్ మీద మీ ఫోటోనే మేడమ్, అన్నాడు కదూ, ఎంత తేలిగ్గా అనేశాడు, చొక్కా మీద ఒలికిన టీ తుడుచుకోమన్నట్టు, పైగా చివర చేతులు జోడించిన బొమ్మ ఒకటి, దణ్ణం పెట్టి మరీ మొట్టికాయ వెయ్యడమంటే ఇదే కాబోలు అనుకుంటూ ఆమె క్యారియర్ మూత తీసి మళ్ళీ పెట్టేసింది, ఆకలి ఎటు పోయిందో పోయింది, ఎక్స్‌రే గదిలో తలుపు మూసుకుని కాళ్ళు చాపుకునేది మధ్యాహ్నం ఈ కాసేపే, ఆ కాసేపూ ఈ ఫోన్ తినేసింది, మళ్ళీ చదివింది, ఫోటో అద్భుతం మేడమ్, ఆ వెలుగు, ఆ నవ్వు, ఎక్కడా వంక లేదు, మీ అక్కగారి మొహం మీద ఆ తెల్ల మచ్చలు ఒక్కటే కాస్త, చూసేవాళ్ళ దృష్టి అటు పోతుంది, సాఫ్ట్‌వేర్‌లో చిటికెలో పని, సాయంత్రం లోపల పంపితే పోస్టర్, లేదంటే ఈసారికి ఎగ్జిబిషన్ గోడ మీద కూడా కష్టం, ఏమనుకోకండి, ఏమనుకోకండట, అనుకోవడానికే కదా బుర్ర ఉన్నది, దృష్టి అటు పోతే పోనీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా, మా అక్కే సరే అంది, మధ్యలో నీకేం వచ్చింది.

ఆ రాసింది ఫోటో క్లబ్బుకి పెద్ద ఆయన, ఎదుట సార్, వెనక అందరికీ పెద్ద లెన్సు, మోచెయ్యంత లెన్సు భుజాన వేసుకు తిరుగుతాడు, దానికో మూడు కాళ్ళ స్టాండు, స్టాండుకో సంచీ, సంచీకో వానకోటు, ఇంత సరంజామాతో చెరువు గట్టుకి పోయి తెచ్చేదేమిటయ్యా అంటే సూర్యోదయం, నిన్నటి సూర్యోదయమే, మొన్నటి కొంగే, పైన పటారం లోన లొటారం, ఆకాశం నచ్చకపోతే ఇంటికొచ్చి ఆకాశాన్నే మార్చేస్తాడు, ఒకటి నొక్కితే మబ్బులు, ఇంకోటి నొక్కితే పక్షులు, ఒకసారి సూర్యుడు ఏ పక్కనున్నాడో నీడ కూడా ఆ పక్కకే పడింది, క్లబ్బులో ఒక్కరైనా ఇదేమిటని అడిగితే ఒట్టు, వాహ్ సర్, సూపర్ సర్, చప్పట్ల బొమ్మలు, మంటల బొమ్మలు, నువ్వు నాదానికి కొడితే నేను నీదానికి కొడతా, అంతకన్నా ఏముంది అక్కడ, ఆమె కెమెరా చూసి మొదటిరోజే నవ్వాడు, ఇది ఇంకా పనిచేస్తోందా మేడమ్ అని, చేస్తోంది, ఎవరో వాడి వదిలేస్తే కొనుక్కున్నది, పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే అక్క మిషను మీద తోలుముక్క కుట్టి తొడిగింది, లోపల సెన్సార్ మీద ధూళి పట్టేసి ప్రతి ఫోటోలోనూ అవే చోట్ల అవే నల్ల చుక్కలు, ఎంత ఊదినా పోవు, కొత్తది కొనండి మేడమ్, మెగాపిక్సెల్స్ లేకపోతే ఏం కనిపిస్తుంది అంటాడు, ఆయన మెగాపిక్సెల్స్‌కి కొంగ ఈక ఈకా కనిపించింది, నిజమే, దాని పక్కనే బట్టలుతుకుతున్న మనిషి మాత్రం మాయం, చెరిపేశాడు, ఫ్రేము శుభ్రంగా ఉండాలట, ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూసింది గానీ కొత్త మద్దెల కొనుక్కుంటే ఆట దానంతటదే వచ్చేస్తుందనుకునేవాళ్ళని ఇక్కడే చూస్తోంది, అందుకే మొన్న వాళ్ళ గ్రూపులోనే, అందరూ చూస్తుండగా రాసిపడేసింది, నా కెమెరాకి ధూళి ఉంది, గోడ మీదా ఆకాశం మీదా ఆ చుక్కలు తుడుస్తాను, అది నా మురికి, మనిషి మొహం మీద మాత్రం ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు, ముట్టుకోను, అని, రాసి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

అక్కకి ఆ మచ్చలు మొదట కనురెప్ప మీద వచ్చాయి, తర్వాత ముక్కు పక్కన, తర్వాత గడ్డం మీద, ఒంటి రంగు కాస్త కాస్తగా ఎవరో తీసుకుపోతున్నట్టు, ఇది అంటుకునేది కాదమ్మా, నొప్పీ ఉండదు, భయం లేదు అని డాక్టరు చెప్పాడు, చెప్తే ఏం, జాకెట్లకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు టేపు అక్క చేతిలోంచి తీసుకుని తామే కొలుచుకునేవాళ్ళు, అప్పటినుంచి పౌడరు, ఆ పౌడరు కింద మరో పూత, ఇంట్లో ఏ ఫోటో తీసినా రెండో వరసలో ఎవరిదో భుజం వెనక సగం మొహం, నవ్వమంటే నవ్వు కూడా సగమే, అలాంటి మనిషి ఆ పొద్దున కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని, నోట్లో దారం చివర తడిపి సూదిలోకి ఎక్కించబోతూ, అది ఎక్కక, మళ్ళీ తడిపి, మళ్ళీ ఎక్కక, నీ కళ్ళజోడు నా కళ్ళజోడు కలిపి పెట్టుకున్నా ఎక్కదే ఇది అని పకపకా నవ్వింది, మొహానికి ఏమీ రాసుకోలేదు, కెమెరా చూసింది, చూసి కూడా మొహం తిప్పుకోలేదు, తీసుకో, అంది, ఎన్నేళ్ళకి అంది ఆ మాట, ఆమె కెమెరా కంటికి ఆనించి, ఎక్స్‌రే తీసేటప్పుడు అందరికీ చెప్పే మాట తనకి తనే చెప్పుకుంది, ఊపిరి బిగబట్టు, కదలకు, ఎగ్జిబిషన్‌కి పంపుతానే అంటే అక్క, పంపు, గోడ మీద నేను ఇలాగే ఉంటే నేనూ ఇలాగే వస్తా, ఏమీ రాసుకోకుండా, జనంలోకి, అంది, ఆ మాట కోసమైనా ఈ ఫోటో ఇలాగే వేలాడాలి.

ఇంట్లోవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, చుట్టాల గ్రూపులో ఆ ఫోటో పెట్టిన పాపానికి బావ దాన్ని తన ఫోన్‌లోకి లాక్కుని, అందంగా చేసే మీటేదో ఉంటుందట, నొక్కి మళ్ళీ అదే గ్రూపులో పెట్టాడు, మొహం గచ్చు చేసిన అరుగులా నున్నగా తయారైంది, మచ్చల్లేవు, ముడతల్లేవు, కళ్ళకింద ఇన్నేళ్ళ కుట్టుపని లేదు, ఇక చూడాలి, వదిన ఎంత బాగుందో, మందు పనిచేసినట్టుందే, ఏ డాక్టరు, అడ్రసు పెట్టండి, బావ చెడ్డవాడు కాదు, అక్క పొయ్యి దగ్గరుంటే పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగే మనిషి, మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటాడు, అదే ఒళ్ళు మండిస్తుంది, మంచి చేసేవాళ్ళతో పోట్లాడటం ఎలా, అక్క మాత్రం ఫోన్ చేసి, మీ బావ పెట్టిన ఫోటోలో ఆవిడెవరే, కాస్త నా పోలికే ఉంది, అంది, అని నవ్వింది, సగం నవ్వు, ఆ సగం నవ్వు వినగానే ఆమె ఒట్టేసుకుంది, లోకమంతా అక్కని తుడిచినా తను తుడవదు, నిన్న ప్రింటు వేయించి తీసుకెళ్ళి చేతిలో పెట్టింది, చూసుకో, నువ్వు నువ్వులా ఉన్నావు అని, అక్క చాలాసేపు చూసింది, వేలు తీసుకెళ్ళి తన పెదవి చివర పెట్టుకుంది, బాగుందే, బాగానే తీశావు, అని లోపలికి వెళ్ళిపోయింది, ఆనందం పట్టలేక వెళ్ళి ఉంటుంది, పాపం.

తలుపు తట్టారు, భోజనం టైమేగానీ దగ్గు చప్పుడు విన్నాక కాదనలేక రమ్మంది, సన్నటి ముసలాయన, చేతిలో డాక్టరు చీటీ, ఛాతీ ప్లేటుకి ఆనించండి తాతగారూ, భుజాలు ముందుకి, గడ్డం పైకి, గాలి గట్టిగా పీల్చండి, బిగబట్టండి, కదలొద్దు, ఆ, వదిలెయ్యండి, తెర మీద పక్కటెముకలు తేలాయి, వాటి మధ్య పైన కుడివైపు ఓ చిన్న తెల్ల మచ్చ, మచ్చ కనిపిస్తే ముందు ఒకటే అడుగు, ప్లేటుదా, మనిషిదా, అని ఈ పనిలో చేరిన కొత్తలో పెద్ద టెక్నీషియనమ్మ నేర్పింది, ప్లేటు మీద ధూళి పడ్డా అచ్చం జబ్బులాగే కనిపిస్తుంది, తెలుసుకోకుండా ఏదీ నీ అంతట నువ్వు తీసెయ్యకు, అడగడం మానేసిన రోజు ఈ కుర్చీలో కూర్చోకు, అని, ఆమె ప్లేటు తుడిచింది, ఇంకో ప్లేటు పెట్టి మళ్ళీ తీసింది, మచ్చ ఉన్నచోటే ఉంది, మనిషిదే, ముసలాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ తెరలోకి తొంగిచూసి, అదా, అది నాదేనమ్మా, చిన్నప్పుడు జబ్బు చేసి మానిన గుర్తు, ఎప్పుడు తీసినా పలకరిస్తుంది, ఓసారి ఎక్కడో అది లేని ఫిలిం ఇచ్చారు, ఇది నేను కాదండీ బాబూ అని వెనక్కి ఇచ్చేసి వచ్చాను, అన్నాడు, నవ్వాడు, దగ్గాడు, వెళ్ళిపోయాడు, ఇది నేను కాదండీ, అది లేదు కదా, లేదు కదా, పెదవి చివర వేలు, నిన్న అక్క పెదవి చివర వేలెందుకు పెట్టుకుంది.

సంచీలోంచి ల్యాప్‌టాప్ లాగింది, సాయంత్రం పంపాలని తెచ్చుకున్నదే, ఫోటో తెరిచి పెదవి దగ్గరికి పెద్దది చేసింది, ఎడమ చివర నున్నగా ఉంది, మరీ నున్నగా, ఆ రోజు పొద్దుటి ఫోటోలన్నిట్లో ఒకటి ఖాళీ గోడది, ధూళి చుక్కలు ఎక్కడున్నాయో అందులో బాగా కనిపిస్తాయి, వాటిమీద అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటే గుండ్రాలు పెట్టి తుడిచి, ఆ గుండ్రాలనే మిగిలిన ఫోటోలన్నిటికీ అంటించేసింది, ఎప్పుడూ చేసే పనే, ధూళి ఎప్పుడూ అదే చోట ఉంటుంది కదా, ఒక్కొక్క ఫోటోలో వెతుక్కునే ఓపిక ఎవరికి, కానీ గుండ్రానికి కళ్ళుంటాయా, దాని కింద గోడ వస్తే గోడ, చెంప వస్తే చెంప, అక్కడ ఏముంటే అది తుడిచేస్తుంది, తీరా చూస్తే ఒక గుండ్రం అచ్చంగా అక్క పెదవి చివర కూర్చుని ఉంది, తీసేసింది, తీయగానే, ధూళి చుక్క ఒంటి రంగులో కలిసిపోయింది గానీ, కింద నుంచి మచ్చ బయటికొచ్చింది, చిన్నది, బియ్యపు గింజంత, తెల్లగా, కొత్తగా, ఇది ఎప్పుడొచ్చింది, తను చూడనే లేదు, కనురెప్పదీ ముక్కుదీ గడ్డానిదీ తెలుసు, వాటికి అలవాటు పడింది, అలవాటైనవే చూసింది, గురివిందగింజ తన కింది నలుపెరగదట, పెద్ద లెన్సుకి పాఠాలు, బావ మీద కారాలు మిరియాలు, మొహం మీద ఒక్క చుక్క ముట్టుకోలేదని గ్రూపులో చాటింపు, రోజూ ఈ గదిలో ఊరివాళ్ళందరి గురించీ అడిగే ప్రశ్న సొంత అక్క దగ్గర అడగలేదు, ఛీ.

ఫోన్ చేసింది, అటువైపు మిషను చప్పుడు, అక్కా, పనిలో ఉన్నావా, ఉంటే మాత్రం, చెప్పవే, పెదవి చివర, అంది ఆమె, మిషను ఆగింది, చూశావన్నమాట, అంది అక్క, ఎప్పుడొచ్చిందే, ఈమధ్యే, ఇంకా నాకే అలవాటు కాలేదు, మీ బావ కూడా గమనించలేదు, అద్దంలో చూసుకోబుద్ధి కాదే, నువ్వు తీస్తే బాగుంటాను కదా, అందుకని నీ ఫోటోలో అయితే దాన్ని మొదటిసారి తిన్నగా చూద్దామనుకున్నా, తీరా చూస్తే అదే లేదు, సర్లే, మిగతావి ఓర్చుకుంది గానీ చెల్లికి కూడా ఈ ఒక్కటీ ఎక్కువైందేమో అనుకున్నా, అయ్యో అక్కా, కాదు, నా కెమెరా ధూళే అది, ధూళి అనుకుని, ధూళేంటే, నా మొహమేమన్నా కిటికీ ఊచా, అని అక్క నవ్వింది, ఈసారి సగం కాదు, ఆమెకి మాత్రం నవ్వు రాలేదు, ముక్కు ఎగబీల్చింది, ఏడుస్తున్నావా పిచ్చిమొహమా, ఏడవకు, పెట్టెయ్ మళ్ళీ దాన్ని, నాది నాకిచ్చెయ్, అంది అక్క, ఇచ్చేశానే, ఇప్పుడే, ఇంకెవరన్నా అడిగినా తియ్యను, అంది ఆమె, మిషను మళ్ళీ మొదలైంది.

గుండ్రాలన్నీ తీసేసింది, పెదవి దగ్గరిదే కాదు, గోడమీదివి కూడా, ధూళి చుక్కలు వెనక గోడంతా ఈగలు వాలినట్టు బయటికొచ్చాయి, రానీ, గోడమీదివి నావి, మొహం మీదివి అక్కవి, ఎవరివి వాళ్ళకి ఉన్నాయి, క్లబ్బు గ్రూపు తెరిచి రాసింది, ఒక్క చుక్క ముట్టుకోలేదన్నాను, తప్పు, ఒకటి ముట్టుకున్నాను, చూసుకోకుండా, వెనక్కి పెట్టేశాను, ఇదిగో ఫోటో, మచ్చలు తియ్యను, పోస్టర్ మీరే ఉంచుకోండి సార్, కొంగని వేసుకోండి, గోడ మీద చోటిస్తే ఇలాగే ఇవ్వండి, ఇవ్వకపోతే మా అక్క కుట్టుమిషను పైన గోడ ఖాళీగానే ఉంది, కొలతలివ్వడానికి వచ్చే ప్రతివాళ్ళూ అక్కడే నిలబడాలి, పంపేసింది, వెంటనే పెద్ద లెన్సు ఏదో రాస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు ఆడాయి, ఆగాయి, మళ్ళీ ఆడాయి, ఆడనీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి ఎవరు చెప్తారు, ఫోన్ బోర్లా పెట్టి క్యారియర్ మూత తీసింది, అన్నం చల్లారిపోయింది, తింటుంటే ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చింది, ఇన్నాళ్ళూ ఈ ఫోటో పెద్ద లెన్సు కళ్ళ కోసం, గ్రూపు కళ్ళ కోసం, వాళ్ళ నోళ్ళు మూయించడం కోసం పెట్టుకుని పోట్లాడింది, వాళ్ళు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత, అద్దంలోకి చూడలేని ఒక మనిషి తన పెదవి చివర కొత్తగా ఏం వచ్చిందో భయం లేకుండా చూసుకోవడానికి చెల్లెల్ని నమ్మి తీసుకో అంది, ఈ ఫోటో చూడాల్సిన మొదటి మనిషి అక్క, ఆమె ఇంకా చూడనే లేదు, ఇవాళ పని అవగానే కొత్త ప్రింటు వేయించుకుని తిన్నగా అక్కడికే వెళ్ళాలి.