కిట్రెల్ భార్య పుట్టింటి పేరు

కొలార్డ్ ఆకు ఎన్నిసార్లు కడిగినా అడుగున ఇసుక చేరుతూనే ఉంది. వెర్నెల్ మళ్ళీ సింకులో నీళ్ళు పడుతుంటే, వెనక బల్ల దగ్గర కూర్చున్న అత్తగారు ఓజెల్లా అంది, "ఆకు సంగతి సరే, మా సాబ్రా కాగితాలు ఎందాకా వచ్చాయే?"

"ఇంకాస్త మిగిలింది అత్తమ్మా."

"ఇంకా మిగలడమేమిటి! శనివారం చుట్టాలందరూ దిగిపోతారు. పిల్లల్ని బడి దగ్గర దింపేశాక మళ్ళీ సాయంత్రం దాకా నీకు ఖాళీయేగా."

ఖాళీ. ఆ మాట వింటే వెర్నెల్‌కి నవ్వొస్తుంది. పొద్దున తను నడిపే బడి బస్సు ఖాళీ చేసి, మళ్ళీ పిల్లల్ని ఎక్కించుకునే లోపు ఆ ఖాళీలోనే అత్తగారి మందులు, ఇంటిల్లిపాది బట్టలు, మధ్యాహ్నం వంట పట్టాలి. వాటి తరవాత మిగిలిన కాస్తలో కౌంటీ కోర్టు నేలమాళిగ గదికి పరుగెత్తాలి. అక్కడి పాత కాగితాల దుమ్ముకి వచ్చిన దగ్గు ఆదివారం ప్రార్థనలో కూడా తగ్గదు. "నీకు సరదా కాబట్టి వెళ్తున్నావు, ఎవరైనా బతిమాలారా?" అంటాడు మొగుడు లూథర్. కిందటేడు అతని గ్రియర్ వంశం వాళ్ళంతా కలుసుకున్నప్పుడు, ఆమె వెతికి తెచ్చినదంతా మైకు పట్టుకుని చదివింది అతనే. "ఎంత శ్రమపడ్డావు నాయనా!" అంటూ ఓ ముసలి మేనత్త అతన్ని కావిలించుకుని ఏడ్చింది. ఆ పక్కనే వెర్నెల్ వేయించిన చేపలు వడ్డిస్తోంది.

గ్రియర్ల మూలపుటమ్మ సాబ్రా. పత్తి భూముల జొసాయా హాస్క్యూ దగ్గర బానిసగా బతికింది. ఆ రోజుల్లో బానిసలకి తమవంటూ కాగితాలుండేవి కావు. ముత్తవ్వ కావాలంటే యజమాని ఆస్తుల్లో వెతుక్కోవాలి, కంచరగాడిదలకీ నాగళ్ళకీ మధ్యన. హాస్క్యూ చచ్చిపోయినప్పుడు రాసిన ఆస్తుల పట్టీలో సాబ్రాని, ఆమె ముగ్గురు పిల్లల్ని పట్టుకుంది వెర్నెలే. విడుదలయ్యాక సాబ్రా ఆ ముగ్గురితోనే ఇల్లు కట్టుకుంది. గ్రియర్లంతా ఆ ముగ్గురి సంతానమే.

సాబ్రా అంటే వెర్నెల్‌కి కుళ్ళు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనిషి మీద కుళ్ళేమిటని తనని తానే తిట్టుకునేది, అయినా పోయేది కాదు. ఏ కాగితం తిప్పినా సాబ్రా పేరుంది, పేరు పక్కన పిల్లలున్నారు. సమాధికి రాయి ఉంది, రాయి మీద పూలు పెట్టడానికి ఊరంతా మనవలున్నారు. మరి తనకో? తన అమ్మమ్మకి నాయనమ్మ టెంపీ. ఏటి అవతల కిట్రెల్ గారింట్లో చాకిరీ చేసిందట, వాళ్ళమ్మ ఊసు మాత్రం చచ్చేదాకా ఎత్తలేదట. కిట్రెల్ కాగితాల్లో టెంపీ ఎదిగిన మనిషిగానే ఊడిపడుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు కన్నారో లేదు. మొగుడి ముత్తవ్వ కోసం తిప్పిన ప్రతి పేజీలోనూ తన ముత్తవ్వ కోసం దొంగచాటుగా వెతికి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చి, సాబ్రా సంగతులు సాఫుగా రాసి లూథర్ చేతికిచ్చేది. ఇచ్చిన ప్రతిసారీ ఒళ్ళు మండేది.

ఆ సాయంత్రం లూథర్ శనివారం పంచే పుస్తకం ఒకటి అచ్చు నుంచి తెచ్చాడు. వెర్నెల్ చేతులు తుడుచుకుని తిరగేసింది. 'లూథర్ గ్రియర్, భార్య' అని ఉంది.

"నా పేరేదీ?"

"కోడళ్ళందరికీ అంతేనోయ్. అందరి పేర్లూ వేస్తే పేజీలు చాలవన్నారు. నువ్వెవరో ఎవరికి తెలీదు చెప్పు?"

"మరి మీ బావగారి పేరుందే?"

"ఆయన మగాడు కదే," అని అత్తగారు పక్కగదిలోంచి జవాబిచ్చింది.

మర్నాడు కోర్టులో కూర్చుందన్న మాటే గాని ఆ ఒక్క మాటే కళ్ళ ముందు ఆడుతోంది. భార్య. ఎదురుగా కిట్రెల్ కాగితం ఉంది. 'అంబ్రోస్ కిట్రెల్, ఆయన భార్య.' ఆ వరస ఎన్నిసార్లు చదివిందో. కిట్రెల్ తండ్రిని వెతికింది, అన్నదమ్ముల్ని వెతికింది, ఎవరి దగ్గర మనుషుల్ని కొన్నాడో వెతికింది. ఆయన భార్య ఎవరి కూతురో ఒక్కసారీ అడగలేదు. తనకి లూథర్ వాళ్ళు చేసిందే తను ఆవిడకి చేసింది.

లేచి వెళ్ళి పెళ్ళిళ్ళ పుస్తకం తెప్పించుకుంది. కిట్రెల్ పెళ్ళాడింది లావీనియాని. లావీనియా, జొసాయా హాస్క్యూ కూతురు.

హాస్క్యూ చచ్చాక రాసినవే ఇంతకాలం చూసింది. బతికుండగా రాసిచ్చినవి ఇప్పుడు తీసింది. పెళ్ళి జరిగిన వారం పేజీలో ఉంది: అత్తారింటికి వెళ్ళే కూతురికి తండ్రి ఇచ్చినవి. ఈకల పరుపు, జీనుతో సహా ఆడగుర్రం, సాబ్రా పెద్దకూతురు టెంపీ, తొమ్మిదేళ్ళది.

ఆ పేజీ ముందు ఎంతసేపు కూర్చుందో తెలీదు. బస్సు ఆలస్యమైంది. "మిస్ వెర్నెల్, బడి ఎక్కడుందో మర్చిపోయారా?" అని పిల్లలు ఏడిపించారు. ఆమెకి నవ్వు రాలేదు, సంతోషమూ రాలేదు. సాబ్రా మీద కుళ్ళు మాత్రం పోయింది. కడుపున పుట్టిన దాన్ని పరుపుతో పాటు బండెక్కిస్తే చూస్తూ నిలబడ్డ తల్లి మీద ఎవరికి కుళ్ళు? ఇప్పుడది ఆ ముగ్గురి మీదకి మళ్ళింది. తల్లి ఒడి వాళ్ళకి దక్కింది, టెంపీకి దక్కలేదు. ఆ ముగ్గురి సంతానమే ఇన్నేళ్ళుగా తన చేత గిన్నెలు తోమిస్తూ, నీ వాళ్ళెవరో నీకే తెలీదుగా పాపం అంటోంది.

"ఆ కాగితం ఇటివ్వు, ఓసారి అద్దం ముందు చదువుకోవాలి," అని శుక్రవారం లూథర్ అడిగాడు.

"ఇంకా కాలేదు," అంది. పెళ్ళయ్యాక అతనితో ఆడిన మొదటి అబద్ధం అదే.

శనివారం చర్చి హాలు కిటకిటలాడింది. లూథర్ మైకు తీసుకుని, "మన అమ్మ సాబ్రా, ఆమె కన్న ముగ్గురు బిడ్డలూ..." అని మొదలుపెట్టి, కాగితం కోసం వెర్నెల్ వైపు చెయ్యి చాచాడు. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. నడిచి వెళ్ళి, ఆ చేతిలో కాగితం పెట్టకుండా, రెండో చేతిలో ఉన్న మైకు తీసుకుంది.

"ఇటు రావే, చేపలు చల్లారిపోతాయి!" అంది అత్తగారు ముందు వరసలోంచి.

"చల్లారనివ్వండి అత్తమ్మా."

మైకులో తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

"నా పేరు వెర్నెల్. సాబ్రాకి పిల్లలు ముగ్గురు కాదు, నలుగురు. పెళ్ళికానుకగా ఇచ్చేసిన పెద్దదాని మునిమనవరాలి కూతుర్ని నేను."