ఏడుగురు తాతలు, ఒక పేపరు

భూమ్మీద అందరికన్నా ఆలస్యంగా రోజు ముగిసేది పసిఫిక్ సముద్రంలో మనుషులే లేని ఒక దీవిలో. కృత్రిమ మేధ సదస్సులకు పేపర్లు పంపే గడువు ఆ దీవి అర్ధరాత్రి లెక్కన నడుస్తుంది. మా కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో అప్పటికి మర్నాడు సాయంత్రం టీ వేళ. మా ల్యాబులో కన్నతల్లి మాట విన్నవాళ్లు లేరు గానీ, ఆ దీవి మాట మాత్రం ఎవరూ జవదాటరు.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నం, ల్యాబులో నా సీనియర్ బేగాయిమ్ అక్క కంఠతా వచ్చేసిన తన పేపరునే మళ్లీ చదువుతోంది. కొండల్లో ఉండే ముసలివాళ్ల కిర్గిజ్ మాటను కంప్యూటరుకు అర్థమయ్యేలా చేయడం ఆమె పని. పోయినేడు ఆ పేపరును చదవకుండానే తిప్పి పంపారు. రాసిందెవరో పరీక్షించేవాళ్లకు తెలియకూడదన్నది నియమం. అక్కేమో పేపరు చివర్లో మా ల్యాబు నడిపే మాస్టారికి పేరు పెట్టి మరీ కృతజ్ఞతలు చెప్పింది. ఈసారి కూడా తిరిగొస్తే ఈ పని కట్టిపెట్టి, గొర్రెల ముఖాలు గుర్తుపట్టే ప్రాజెక్టులో చేరమని మాస్టారు చెప్పేశారు.

పేపరుతో పాటు పంపే ఆడియో ముక్కలు సరిచూడటం నా వంతు. అన్నీ అక్క వాళ్ల అమ్మమ్మ బురుల్ అవ్వ గొంతే. మొదటిది విన్నాను. "నా మనవరాలు బేగాయిమ్, తండ్రి సాగిన్‌బాయ్, అతని తండ్రి జుమగుల్..." అంటూ ఏడో తరం దాకా వెళ్లి, నరిన్ నది అవతల ఊరి పేరు, గేటు రంగు కూడా చెప్పాకే అవ్వ మంచు సంగతి ఎత్తుకుంది. రెండోదీ అంతే. ఏడుగురు తాతల్ని పిలవనిదే మా పెద్దవాళ్లు నోరు విప్పరు. కత్తిరిద్దామంటే మాట మధ్యలో కూడా తాతలే. పేర్లన్నీ తీసేస్తే మిగిలింది దగ్గు.

"అక్కా, మీ తాతలందరూ ఇందులోనే ఉన్నారు."

"పోరా. పోయినవారం టోపీ సంగతి మర్చిపోయాననుకున్నావా?"

సదస్సువాళ్లు తెల్ల కల్పక్ టోపీతో ఫొటో అడుగుతున్నారని నేనే ఒక మెయిలు సృష్టించాను. పాపం, నాలుగు వైపుల నుంచీ తీయించుకుంది.

"ఒట్టక్కా, ఈసారి నిజం."

"టోపీకీ ఒట్టే వేశావు. వెళ్లి టీ పట్రా."

తెచ్చాను. కప్పు చేతికిస్తున్నట్టే ఇచ్చి, హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించాను.

"ఇందులో ఏముందిరా? అవ్వ ఎప్పుడూ ఇలాగే కదా..." అని ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న వరస. ఆమె చెవికి అవి పేర్లు కావు, అవ్వ గొంతు సవరించుకోవడం.

టీ చల్లారింది.

"ఇంక గొర్రెలే," అంది మెల్లగా.

అవ్వకు ఫోన్ చేశాం.

"అవ్వా, మళ్లీ మాట్లాడాలి. పేర్లు చెప్పకుండా."

"పేరు చెప్పకుండా నోరెత్తడానికి నేనేమైనా దొంగనా?"

"చదివేవాళ్లకు మనమెవరో తెలియకూడదవ్వా."

"ఎవరే వాళ్లు? ఎవరి పిల్లలు?"

"అది మనకీ చెప్పరు."

"అయితే ఇద్దరూ ముసుగేసుకుని మాట్లాడుకుంటారన్నమాట. దీనికా నిన్ను అంత చదివించింది?"

గడువు దగ్గరపడుతోంది. అక్క నుదురు పట్టుకుంది. నేను ఫోన్ లాక్కున్నాను.

"అవ్వా, నేను సిర్గాక్‌ని. ఎవరో తెలియని బాటసారి మీ గుమ్మంలోకొస్తే ముందు ఏం చేస్తావు?"

"రొట్టె పెడతానురా. ఏం ప్రశ్న అది?"

"పేరడగవా?"

"తినకముందే అడుగుతారా ఎవరైనా! సిగ్గుచేటు."

"వీళ్లింకా తినలేదవ్వా."

అవతల టీ గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"సరే, రికార్డు చెయ్యి," అంది అవ్వ.

తర్వాత ఆ పేరు తెలియని బాటసారి ఎదురుగా ఉన్నట్టే మాట్లాడింది. "ఎవరివో నాయనా, లోపలికి రా. నీ దారి తెల్లగా ఉండాలి. నీ గొర్రెలకు జబ్బు రాకూడదు," అని మొదలుపెట్టి మంచు, గాలి, ఈనిన గుర్రం, రొట్టె మాడిన సంగతి దాకా చెప్పింది. తాతల్లో ఒక్కరు కూడా తొంగిచూడలేదు.

"ఇంతలా దీవిస్తే లంచం కిందకొస్తుందేమోరా," అంది అక్క.

"నియమాలన్నీ చదివానక్కా. గొర్రెల ఊసే లేదు."

అవ్వ మాటలకు అనువాదం జతచేసి, దీవిలో రోజు ఇంకా ముగియకముందే పంపేశాం.

కొన్ని నెలలకు పేపరును పరీక్షించిన ముగ్గురి జవాబులూ వచ్చాయి. మొదటివారు పర్వాలేదన్నారు. మూడోవారు మూడో పట్టిక దేనికో అర్థం కాలేదన్నారు. లోకంలోని పరిశోధకులందరూ తిట్టుకునేది రెండో పరీక్షకుణ్ణే. ఆయన రెండు పేజీల నిండా లోపాలు రాసి, చివర్లో ఇలా అన్నాడు: "నాకు గొర్రెలు లేవు. అయినా ఆవిడకు ధన్యవాదాలు. అచ్చయ్యే ప్రతిలో ఆవిడ పేరు ఉండాలి." పేపరు తీసుకున్నారు.

అక్క ఆ కబురు చెప్పగానే అవ్వ తాపీగా, "తిన్నారన్నమాట," అంది. "అయితే రాసుకో."

కృతజ్ఞతల్లో ఐదో తాత దగ్గరికొచ్చేసరికి పేజీల పరిమితి దాటిపోయింది. ఇంకా ఇద్దరున్నారు. అక్క మూడో పట్టిక తీసేసింది.