ముప్పై అయిదు దగ్గర నిలిచిన నీళ్ళు

చదివేవారికి ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. ఒక్కో పేజీకి రెండు మధ్యాహ్నాలు పడుతుంది. తప్పులు కనిపిస్తే మీరే సరిచేసుకుని చదువుకోండి. ఇది నా దగ్గరున్న గాజు గొట్టం కథ. మాట దానిది, చేతిరాత నాది. ఇందులో వచ్చే దానమ్మను నేనే. దాని కంటికి ఎలా కనిపించి ఉంటానో అలాగే రాశాను.

నేను ఒక ఉప్పు గొట్టాన్ని. పుస్తకాల్లో నన్ను హైడ్రోమీటర్ అంటారట. భీమిలి అవతలి రొయ్యల హేచరీలో మాత్రం అందరూ ఉప్పు గొట్టమనే పిలిచేవారు. జానెడు పొడవు ఉంటాను. ఎక్కడో ఉత్తరాదిలో నన్ను ఊదిన మనిషి నా కడుపులో సీసపు గుళ్ళు పోసి, సన్నటి మెడలో అంకెల కాగితం దూర్చి, కొసను మంటకు చూపి మూసేశాడు. ఆ తర్వాత నా లోపలికి గాలి కూడా రాలేదు. పుట్టినప్పుడు నాకు చెప్పిన మాటే చచ్చేదాకా నా మాట. కొత్తది నేర్చుకునే వీలు నాకు లేదు. మనుషులకు ఉంది గానీ వాళ్ళు దాన్ని పెద్దగా వాడుకోరు.

నాకు వచ్చిన పని ఒక్కటే. నీళ్ళలో వదిలితే ఉప్పు ఎక్కువైనకొద్దీ పైకి తేలతాను, తక్కువైనకొద్దీ కిందికి దిగుతాను. నీళ్ళు నా మెడ మీద ఏ గీత దగ్గర ఆగితే అదే ఉప్పు. వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఎన్ని పాళ్ళు ఉప్పు అన్నది ఆ అంకె.

హేచరీలో రొయ్య పిల్లల్ని పుట్టించి చెరువుల వాళ్ళకు ఇచ్చేవారు. సముద్రపు నీళ్ళలో పుట్టిన పిల్ల ఉప్పు తక్కువున్న చెరువులో ఒక్కసారిగా పడితే బతకదు. అందుకని రైతు ముందురోజే ఫోన్ చేసి తన చెరువు ఉప్పు ఎంతో చెప్పేవాడు. "మాది పన్నెండు" అన్నాడంటే, పిల్లలున్న టబ్బులోకి బోరు నీళ్ళు కొంచెం కొంచెంగా వదులుతూ, గంటకు రెండేసి చొప్పున దించుతూ పన్నెండుకు తేవాలి. ఆ పని దానమ్మది. భర్త పోయాక అక్కడ చేరింది. అప్పటికి ఆమెకు ఒక్క అక్షరం రాదు గానీ నా గీతలు వచ్చు. నా మెడ మధ్యనున్న ఎర్ర గీత నుంచి కిందికి ఎన్నో, పైకి ఎన్నో వేలితో లెక్కపెట్టేది. ఎవరు ఏ నీళ్ళు అడిగితే ఆ నీళ్ళు తయారుచేసి పంపడమే అక్కడి మర్యాద. ఆమె చేత్తో దించిన పిల్ల చెరువులో చచ్చిందని ఒక్క రైతూ తిరిగి రాలేదు.

తర్వాత తెగులు తగిలి హేచరీ మూతపడింది. కావలసినవి పట్టుకుపొమ్మని యజమాని అంటే ఒకరు మోటారు, ఇంకొకరు నీలం డ్రమ్ములు మోసుకుపోయారు. దానమ్మ నన్ను కొంగులో చుట్టుకుంది. ఆమె ఇంట్లో నాకు పని లేదు. ఒకసారి మాత్రం పొరుగావిడ మాట మీద మామిడికాయ ఊటలో దించింది. గీతలన్నీ దాటిపోయి నేను నిటారుగా లేచాను. "ఒలమ్మ, దీనికి పిచ్చెక్కినాది," అంది పొరుగావిడ. ఆ రోజు నాకూ అలాగే అనిపించింది.

దానమ్మకు విశాఖపట్నంలో, పెదవాల్తేరులోని ఒక పళ్ళ ఆసుపత్రిలో ఆయాగా పని దొరికింది. డాక్టరు పేరు సుభాషిణి. ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే అమ్మాయి హైమ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా రోగులు రారు. ఆ ఖాళీలోనే హైమ దానమ్మకు అక్షరాలు నేర్పింది. మూడేళ్ళు పట్టింది.

ఆ తర్వాతే ఆసుపత్రి ముందు గదిలోకి నాలుగడుగుల గాజు తొట్టి వచ్చింది. యంత్రం చప్పుడు వినగానే గోల పెట్టే పిల్లలు చేపల్నీ పగడాల్నీ చూసి ఊరుకుంటారని డాక్టరమ్మ ఆశ. సముద్రం పది నిమిషాల దూరంలో ఉంది. అయినా వీళ్ళు వడగట్టిన మంచినీళ్ళలో ఎక్కడినుంచో తెప్పించిన పొట్లాల ఉప్పు కలిపి, సముద్రం తయారుచేశాం అన్నారు. దానమ్మ ఇంటికొచ్చి చెబితే నాకు అర్థం కాలేదు. మనుషులు చేసే చాలా పనులు నాకు అర్థం కావు గనక ఊరుకున్నాను.

"దానమ్మా, నువ్వు హేచరీలో చేశావటగా," అంది డాక్టరమ్మ. "దీని బాధ్యత నీదే. రోజూ కొలిచి ఈ పుస్తకంలో రాయి."

పుస్తకం అట్ట మీద దానమ్మ తన పేరు తనే రాసుకుంది. నేల తుడవమని ఆమెతో చాలామంది అన్నారు. రాయమని అన్నది డాక్టరమ్మ ఒక్కతే. మర్నాడు ఇంటి నుంచి నన్ను పట్టుకొచ్చింది.

అక్కడ అసలు తికమక మొదలైంది. నాకు తెలిసిన నీళ్ళకు ఒక్క అంకె చాలు. ఈ నీళ్ళకు అయిదు కావాలట. ఉప్పు ఒకటి, వేడి ఒకటి. నీళ్ళు పులుపెక్కకుండా కాపాడే కేహెచ్ ఒకటి. రాతి పగడాలు ఒళ్ళు కట్టుకోవడానికి కాల్షియం ఒకటి. చేపల మురికి నుంచి పుట్టే నైట్రేట్ ఒకటి. చిన్న సీసాల్లో నీళ్ళు పోసి, చుక్కలు వేసి, రంగు మారేదాకా ఊపి, దానమ్మ వాటినీ కొలిచేది. ఆ సీసాలు నావైపు పొగరుగా చూసేవి.

పగడాలు చెన్నైలోని ఒక దుకాణం నుంచి వచ్చాయి. సముద్రంలో తవ్వినవి కావు, పెంచినవే, అనుమతి కాగితాలున్నవే కావాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. పంపే మనిషి పేరు మస్తాన్, నెల్లూరు వాడు. మొదట గొడుగులా ఉండే తోలు పగడం వచ్చింది. దానమ్మ ఫోన్ చేసి తనకు తెలిసిన ప్రశ్న అడిగింది.

"బాబూ, ఇది మీకాడ ఎంత నీళ్ళలో ఉందేటి?"

"ముప్పై రెండులో ఉండాదమా. కేహెచ్ ఏడు. కొంచెం మురికి నీళ్ళే దానికి బాగుంటాయి."

దానమ్మ గంటకు రెండేసి చొప్పున తొట్టి నీళ్ళను ముప్పై రెండుకు తెచ్చింది. మూడు వారాలకు పుట్టగొడుగుల్లాంటి పగడాలు వచ్చాయి. అవి ముప్పై నాలుగులో ఉన్నవి. నీళ్ళు ముప్పై నాలుగుకు ఎక్కాయి. తర్వాత ఊదారంగు కొమ్మ పగడం వచ్చింది. మస్తాన్ ఉప్పు ముప్పై అయిదన్నాడు, కేహెచ్ పదకొండన్నాడు, నైట్రేట్ అసలు కనపడకూడదన్నాడు. దానమ్మ ఉప్పు కలిపింది, కేహెచ్ పెంచే పొడి కలిపింది, నీళ్ళు మార్చింది. నేను పైకీ కిందికీ తిరిగి తిరిగి అలిసిపోయాను. అడిగినవాళ్ళకు అడిగిన నీళ్ళు ఇస్తున్నాం. హేచరీ మర్యాదలో ఏ లోపమూ లేదు.

అయినా తోలు పగడం గొడుగు ముడిచింది. పుట్టగొడుగులు రాతికి అంటుకుపోయి గుండీలంత అయ్యాయి. కొమ్మ పగడం అడుగు నుంచి తెల్లబడసాగింది.

"ఇది చూసి పిల్లలు ఇంకా ఏడుస్తున్నారు," అంది డాక్టరమ్మ ఒకరోజు. కోపంగా కాదు, విసిగిపోయి. "ఈ నెలాఖరు దాకా చూస్తాను దానమ్మా. తెరుచుకోకపోతే తీయించేసి ఇక్కడ టీవీ పెట్టిస్తాను."

నెలాఖరుకు ఇరవై రోజులుంది. తొట్టి పోతే పుస్తకం పోతుంది. మళ్ళీ తుడుపు గుడ్డా, రోగులు ఉమ్మిన గిన్నెలూ. ఆ రోజు దానమ్మ నన్ను మూడుసార్లు కడిగింది.

మర్నాడు డాక్టరమ్మ ఇంకో పరికరం తెచ్చింది. ఒక్క చుక్క నీళ్ళు వేసి, కన్ను ఆనించి, వెలుతురు వైపు చూడాలి. రిఫ్రాక్టోమీటర్ అట. నేను ముప్పై అయిదు అన్న నీళ్ళను అది ముప్పై ఎనిమిది అంది.

"ఎవరి మాట నిజం?" అంది హైమ.

"నా గొట్టం ఏనాడూ తప్పు సెప్పలేదు," అంది దానమ్మ.

డాక్టరమ్మ కొత్త పరికరం పెట్టెలోని సీసాను పైకెత్తింది. దాంట్లో ఉన్నవి సరిగ్గా ముప్పై అయిదు ఉప్పున్న నీళ్ళని దుకాణం వాళ్ళు రాసిపెట్టారు. కొత్తది ఆ నీళ్ళను ముప్పై అయిదే చూపింది. హైమ నన్ను కిటికీ దగ్గర పట్టుకుని నా కాగితం అడుగున ఉన్న చీమకాళ్ళ ఇంగ్లీషు చదివింది. "పిన్నీ, ఇది చల్లటి నీళ్ళకు చేసిందే. పదిహేను డిగ్రీలని రాసుంది. మన తొట్టి ఇరవై ఆరు. వేడి నీళ్ళు పలచన కదా, అందుకే ఎక్కువ మునిగి తక్కువ చూపిస్తోంది."

ఇన్నేళ్ళుగా నా ఒంటి మీదే ఉన్న ఆ మాట నాకు తెలియదు. మరి హేచరీలో ఆ పిల్లలు ఎలా బతికాయి? చెరువు గట్ల మీద రైతుల చేతుల్లోనూ నాలాంటి గొట్టాలే ఉండేవి. అందరం ఒకే తప్పు చెప్పుకుంటూ ఉంటే అది నిజంలా చెల్లిందేమో. కొమ్మ పగడాన్ని మాత్రం నేనే ఉప్పులో ఊరబెట్టాను.

దానమ్మ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చూపింది. "మరైతే ఇయన్నీ తప్పేనేటి?"

హైమ ఉప్పు వరస మీద వేలు జరుపుకుంటూ వెళ్ళింది. "ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై అయిదు. కేహెచ్ ఏడు, తొమ్మిది, పదకొండు. పిన్నీ, నాకే కళ్ళు తిరుగుతున్నాయి, పాపం వాటి సంగతేంటి?"

"ఏటే పిల్లా, నీకేటి తెల్సు? ఎవులికి కావాల్సిన నీళ్ళు ఆల్లకి ఇచ్చాను. ఏచరీలో ఇలాగే కదా సేసీవోళ్ళం."

"హేచరీలో నువ్వు దించిన పిల్లలు తర్వాత ఎక్కడికి వెళ్ళేవి?"

"సెరువుకి."

"మరి ఇవి ఎక్కడికి వెళ్తాయి?"

దానమ్మ తొట్టి వైపు తిరిగింది. టబ్బులో ఉన్నవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోయే చుట్టాలు. వాళ్ళకోసం నీళ్ళు మార్చవచ్చు. తొట్టిలో ఉన్నవాళ్ళు కాపురానికి వచ్చారు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికోసం ఇంటిని కూలగొట్టి కడుతుంటే ముందు వచ్చినవాళ్ళు ఎలా బతుకుతారు? ఇది నేను ఇప్పుడు చెబుతున్న మాట. అప్పుడు ఆమె అన్నది ఇంతే: "నాదే తప్పు."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని అంకెలు ఎంచారు. ఉప్పు, కొత్త పరికరం లెక్కన, ముప్పై అయిదు. వేడి ఇరవై ఆరు. కేహెచ్ ఎనిమిదిన్నర. కాల్షియం నాలుగు వందల ఇరవై. నైట్రేట్ అయిదుకూ పదికీ మధ్య. తోలు పగడానికి ఇంకొంచెం మురికి ఇష్టం, కొమ్మ పగడానికి ఇంకొంచెం శుభ్రం ఇష్టం. ఈ అంకెల్లో ఎవరూ మురిసిపోరు, ఎవరూ చావరు. వారం రోజులు పట్టి, రోజుకు కొంచెం చొప్పున నీళ్ళను అక్కడికి తెచ్చారు. ఆ తర్వాత చేయవలసింది, ఏమీ చేయకపోవడం.

అది ఎంత కష్టమో నేను చూశాను. రోజూ గాలికి ఆవిరైనన్ని మంచినీళ్ళు గుర్తు దాకా పోయడం, కేహెచ్ తగ్గినంతే కలపడం, కొలవడం, రాయడం. పగడాలు ముడుచుకునే ఉన్నాయి. ఎనిమిది రోజులే మిగిలాయి.

"ఏదైనా మందు వెయ్యకూడదూ?" అంది డాక్టరమ్మ.

"వొద్దండి."

"మస్తాన్ ఏదో సీసా పంపుతానన్నాడు."

"వొద్దండి డాక్టరమ్మగోరూ. నాను కదిపీసే ఇంత సేసినాను. ఇంక కదపను."

కొమ్మ పగడం దక్కలేదు. ఎముకలా తెల్లబడ్డ దాన్ని తీసి దానమ్మ పుస్తకంలో రాసింది: కొమ్మ పగడం పోయింది, నా వల్ల. నాకు అందులో సగం వాటా ఉంది గానీ చెప్పడానికి నోరు లేదు.

ఆఖరి రోజుకు రెండు రోజుల ముందు తోలు పగడం మీద మైనంలాంటి పొర లేచింది. "కుళ్ళిపోతోంది, తీసెయ్," అంది డాక్టరమ్మ ముక్కు మూసుకుని. దానమ్మ చెయ్యి ముంచి పట్టుకు చూసింది. గట్టిగానే ఉంది. వాసన లేదు.

"సచ్చింది మెత్తబడతాదండి. ఇది సర్మం ఇడుస్తాంది. రెండు రోజులు ఆగండి."

"రెండు రోజుల తర్వాత టీవీ వాళ్ళు వస్తారు."

"రానియ్యండి. సూసెళ్తారు."

టీవీ బిగించే మనిషి నిచ్చెనతో వచ్చిన ఉదయం, పొర ఊడి నీటి పంపు దగ్గర తేలుతోంది. తోలు పగడం గొడుగు పళ్ళెమంత విచ్చుకుని, అంచు పొడవునా లేత వేళ్ళు ఊపుతోంది. పుట్టగొడుగులు రెండు రూపాయల బిళ్ళంత అయ్యాయి. చెంప వాచిన ఒక పిల్ల గాజుకు ముక్కు ఆనించి ఏడుపు మరిచిపోయింది. డాక్టరమ్మ అది చూసి, నిచ్చెన మనిషితో టీవీని తన గదిలో పెట్టమంది.

నెల తర్వాత మరో కొమ్మ పగడం కావాలని డాక్టరమ్మే మస్తాన్‌కు ఫోన్ చేసింది. అతని గొంతు గది అంతా వినిపించింది. "మీ నీళ్ళు ఎంతలో ఉండాయి మేడమ్? చెప్తే, ఈడే దాన్ని ఆ నీళ్ళకి అలవాటు చేసి పంపిస్తా."

డాక్టరమ్మ ఫోన్ దానమ్మ చేతికి ఇచ్చింది. దానమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. పుస్తకం తెరిచి, వేలు ఆనించి, ఒక్కొక్క అంకే నిదానంగా చదివింది. అవతల మస్తాన్ రాసుకున్నాడు.

గరికిన దానమ్మ
వయసు అరవై మూడు
ప్రస్తుతం పెదవాల్తేరు, విశాఖపట్నం