గిన్నె కాదు, పన్ను

మా ఇంట్లో పళ్లు తోమే శాఖకు మంత్రిని నేనే. మా అమ్మాయి బ్రష్షు నోట్లో పెట్టుకోగానే స్నానాలగది గుమ్మంలో నిలబడి, "పైనా, కిందా, లోపలా, రెండు నిమిషాలు!" అని హుకుం జారీ చేస్తాను. మా ఆయన మాత్రం తలుపు గడియ పెట్టుకుని తోముకుంటారు.

ఇక నా తోముడు సంగతి. అడుగంటిన గిన్నెకూ నా నోటికీ ఏనాడూ తేడా చూపించిన పాపాన పోలేదు. ఉన్నవాటిలో గట్టి బ్రష్షు, అటూ ఇటూ, భుజం పట్టేసేదాకా. మూడు వారాలకే దాని కుచ్చు విరగబడి పడుకునేది. అదేదో పతకమన్నట్టు మా ఆయనకు చూపించేదాన్ని.

ఈమధ్య కింది ముందు పన్ను ఒకటి నాలుక తగిలితే చాలు, కదలడం మొదలెట్టింది. మందు నేనే కనిపెట్టాను: ఇంకాస్త గట్టిగా తోమడం. చిగుళ్ల నుంచి రక్తం వచ్చాక గాని పళ్ల డాక్టరమ్మ కుర్చీ ఎక్కలేదు.

ఆవిడ నోట్లోకి తొంగిచూసి, "ఇంట్లో అంట్లు మీరే తోముతారా అండీ?" అంది.

"అవును. ఎలా తెలిసింది?"

"చిగుళ్లు చెబుతున్నాయి. ముందువైపు రాపిడికి కిందికి జారిపోయాయి. లోపలివైపేమో గార కట్టింది. అక్కడికి మీ బ్రష్షు వెళ్లనేలేదు."

వెంట వచ్చిన మా అమ్మాయి కళ్లు మెరిశాయి.

"పన్ను తీసేస్తారా?" అన్నాను. ముప్పై తొమ్మిదేళ్లకే ముందు కిటికీ తెరుచుకున్న నా మొహం ఊహించుకుని నోరు మూసేశాను. డాక్టరమ్మ మళ్లీ తెరిపించింది.

"ముందు గార తీసేస్తాను. మూడు నెలలు చూద్దాం. మెత్తటి బ్రష్షు. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని, చిగురు అంచున ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టండి. చిగురు గట్టిపడితే పన్ను ఉంటుంది. లేకపోతే తీయక తప్పదు."

"మా అమ్మ సంగతి నేను చూసుకుంటాను డాక్టర్," అంది మా అమ్మాయి.

మర్నాటి నుంచి గుమ్మంలో అది, అద్దం ముందు నేను.

"అమ్మా, మోచెయ్యి లేస్తోంది. అది గిన్నె కాదు."

"ఊఁ..."

"నురగతో ఎదురు చెప్పకు."

గడియ పెట్టుకుని తోముకునే మా ఆయన కూడా పని మానుకుని మరీ వచ్చి చూసేవారు.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ పన్నును అటూ ఇటూ నొక్కి చూసింది. కదల్లేదు.

"నిలిచిందండీ!"

నేను ముప్పై రెండూ బయటపెట్టి నవ్వాను.

"నవ్వింది చాలు గాని, లోపలివైపు చూపించమ్మా," అంది మా అమ్మాయి.