బ్రేకులు వేసిన కుర్చీలు

డల్సీ పేరు జాబితాలో లేదు.

ఎన్నికల ఉద్యోగి రెండుసార్లు వెతికాడు. ఆస్ట్రేలియాలోని ఈ పోర్ట్ కెంబ్లాలో కదల్లేని ముసలివాళ్ల దగ్గరికి బ్యాలెట్ పెట్టె తనే వస్తుంది. మా వృద్ధాశ్రమం భోజనాల గదిలో బల్ల వేశారు. ఆ రోజు కోసం డల్సీ నాచేత లిప్‌స్టిక్ వేయించుకుంది. తొంభై ఒక్కేళ్లు. ఉక్కు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు టీ పోసిన మనిషి.

"మతి లేదని డాక్టరు రాసిచ్చారమ్మా. మీ అమ్మాయి సంతకం పెట్టింది," అన్నాడతను.

"నాకు మతి లేదని నాకెవరూ చెప్పలేదే."

చెప్పారు. అభ్యంతరముంటే ఇరవై రోజుల్లో రాయమని ఆమె పేరిటే ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ ఉత్తరాలు పిల్లలకే ఇవ్వాలని ఇక్కడి నియమం. ఇచ్చింది ఇక్కడ ఆయాగా పనిచేసే నేనే. అప్పటికి నాకు పెళ్లై మూడు వారాలు. గ్లౌజులో ఉంగరం ఇరుక్కున్నా నవ్వొచ్చేది. నవ్వుతూనే కూతురి చేతిలో పెట్టాను.

ఇప్పుడు నా లోపల ఏమీ కదల్లేదు. సిగ్గు కూడా.

ఈ దేశంలో ఓటు తప్పనిసరి. ఓటెయ్యకపోతే జరిమానా నోటీసులొస్తాయి, పేరు తీయించేస్తే గొడవుండదని మేనేజర్ లొరేన్ ప్రతి కుటుంబానికీ ఆ ఫారం ఇచ్చేది. నలభై మందిలో ముప్పై పేర్లు అలాగే పోయాయి. ముసలివాళ్లు ఓటు మానేశారని పేపర్లు రాస్తాయి. మానలేదు. మాన్పించారు.

వెనకున్న రిస్టో పేరు జాబితాలో ఉంది. పాత క్రేన్ డ్రైవరు. బ్యాలెట్ తిరిగి ఇచ్చేశాడు.

"డల్సీకి లేని కాగితం నాకెందుకయ్యా?"

"జరిమానా పడుతుంది రిస్టో," అంది లొరేన్.

"ఎనభై తొమ్మిదేళ్లు నాకు. వసూలుకి కాస్త తొందరగా రమ్మను."

చక్రాల కుర్చీకి బ్రేకు వేశాడు. డల్సీ కూడా వేసింది. పేర్లు పోయినవాళ్లు తమనీ తీసుకురమ్మన్నారు. బల్ల చుట్టూ తొమ్మిది కుర్చీలు నిలిచిపోయాయి.

"టెగన్, బ్రేకులు తియ్యి," అంది లొరేన్ నాతో.

నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. "ఆ ఉత్తరం మీ అమ్మాయికి ఇచ్చింది నేనే, డల్సీ."

"ఇప్పుడా చెప్పేది? సరేలే, ఇటొచ్చి నిలబడు."

నిలబడ్డాను. ఇద్దరు ఆయాలు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ఎంతసేపు ఇలా కూర్చుంటారమ్మా? నేనింకా మూడు చోట్లకి వెళ్లాలి," అన్నాడు ఉద్యోగి.

"ఫ్యాక్టరీ సమ్మెలో ఆరు వారాలు గేటు దగ్గర నిలబడ్డాం బాబూ," అంది డల్సీ. "ఇవాళ కూర్చునే కదా ఉన్నాం. మా పేర్లు రాసుకో."

డల్సీ తన పేరు చెప్పింది. తర్వాత పక్కామె. తర్వాత ఆ పక్కాయన. ఉద్యోగి పెన్సిల్ అందుకునేదాకా చెబుతూనే ఉన్నారు.