పద్నాలుగో నంబరు ఇంటి బెంచీ

వారానికి మూడు రోజులు అనూహ్య తొమ్మిదింటి ట్రామెక్కి, జర్మనీలోని కాట్‌బస్‌లో పాత ఊరి చివర రొట్టెల దుకాణం ముందు దిగేది. దుకాణం పక్కనే రెండు గదుల చిన్న ఆఫీసు. వచ్చీ రాగానే షట్టర్లు పైకి లాగి, కాఫీ మెషీన్‌లో నీళ్ళు పోసి, కంప్యూటర్ ఆన్ చేసేది. తర్వాత నోటుబుక్కులో తేదీ వేసి, ఓల్‌బ్రిట్స్‌లో ఆ రోజు వాతావరణం ఎలా ఉందో రాసేది.

ఓల్‌బ్రిట్స్ అనే ఊరు ఇప్పుడు లేదు. ముప్పై నాలుగేళ్ళ కిందట బొగ్గు కోసం దాన్ని తవ్వేశారు. నూట పన్నెండు ఇళ్ళూ, చర్చీ, చెర్రీ తోటా అన్నీ గోతిలో కలిసిపోయాయి. ఆ గోతిలో ఇప్పుడు నీళ్ళు నింపుతున్నారు. ఊరివాళ్ళ దగ్గర మిగిలిన ఫొటోలన్నీ పోగుచేసి, స్కాన్ చేసి, ఈ ఆఫీసులో భద్రం చేశారు. పదకొండు వేలకు పైనే ఉన్నాయి.

ఊరు పోయింది గానీ ఫొటోల్లో రోజులు గడుస్తూనే ఉన్నాయి. కాట్‌బస్‌లో మంచు పడితే ఆ ఫొటోల్లో పెంకుల మీదా పడేది. ఏప్రిల్ రాగానే చెర్రీలు పూసేవి. మనుషులు వయసు పెరగకుండా, ఎవరి పనుల మీద వాళ్ళు తలుపులు తీసుకుని వెళ్ళేవాళ్ళు, తిరిగొచ్చేవాళ్ళు. ఓల్‌బ్రిట్స్ వాళ్ళకు ఇదేమీ వింత కాదు. మా చెర్రీ పూసిందా, మా కోళ్ళగూడు తలుపు వేశారా అని ఫోన్ చేసి అడిగేవాళ్ళు. చూసి చెప్పడం అనూహ్య పని.

ఆ పని ఇచ్చింది సీగ్‌ఫ్రీడ్ లేనిక్ అనే డెబ్భై నాలుగేళ్ళ ఆయన. ఆఫీసంతా ఆయన చేతిమీదే నడిచేది. ఆమె చేరిన మొదటి నెలలోనే తన సంగతి తానే చెప్పాడు. ఆ గనిలో తవ్వే యంత్రం నడిపేవాడట. తన ఊరి మీదికి యంత్రాన్ని తీసుకెళ్ళినవాళ్ళలో తానూ ఒకడినన్నాడు. రిటైరయ్యాక ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు అడిగాడు. కొందరు ముఖం మీదే తలుపు వేశారు, కొందరు అట్టపెట్టెలు తెచ్చి చేతిలో పెట్టారు. యంత్రం కనిపించే ఫొటోలు నలభై దాకా ఉంటే వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టాడు గానీ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

అనూహ్య వాళ్ళది గోదావరిఖని. నాన్న భాస్కరరావు అక్కడి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ డ్రైవర్.

ఫొటోలు ఉంచిన ప్రోగ్రాం మంచిదే. వెతికే డబ్బాలో "గుర్రం" అని కొడితే, ఎవరూ పేర్లు రాసిపెట్టకపోయినా గుర్రాలున్న ఫొటోలన్నీ వరసగా వచ్చేవి. చిక్కల్లా ఒక్కటే. ఏ ఫొటోనైనా అది లోపలికి ఎక్కించిన రోజు ఒక్కసారే చూసి, ఏమున్నాయో గుర్తుపెట్టుకునేది. ఆ తర్వాత మళ్ళీ చూసేది కాదు. అందుకని "మంచు" అని వెతికితే జనవరిలో స్కాన్ చేసిన ఫొటోలు వచ్చేవి. తెరిస్తే ఎండ కాస్తూ ఉండేది. గుర్రం అప్పటికే పొలానికి వెళ్ళిపోయి ఉండేది. పైగా ఊరి ముసలివాళ్ళు వాడే వెండిష్ అనే అక్కడి పాత భాష మాటలు దానికి అర్థమయ్యేవి కావు.

దానికి తగిలించేలా ఒక ప్లగిన్ రాస్తానని అనూహ్య అన్నప్పుడు, ఇంకో సాకెట్ పెట్టించాలా అని లేనిక్ గారు నిజంగానే అడిగాడు.

ఎలా రాయాలో తోచనప్పుడు ఆమె పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న విక్రాంత్‌కి ఫోన్ చేసింది. అతనిది కాకినాడ. జర్మనీ వచ్చిన విమానంలో పక్క సీట్లో పరిచయమైనవాడు. సంగతంతా విని, "ఫొటోలో సీజన్ మారిపోతుంటే ఒకసారి చూసి ఊరుకుంటే ఎలాగండీ? గంట గంటకీ మళ్ళీ చూడమనండి," అన్నాడు. పదకొండు వేలూ చూడటానికి నలభై నిమిషాలు పడుతుందని ఇద్దరూ లెక్కేశారు. గంటకొకసారంటే సరిపోతుంది. మాటల సంగతికొస్తే, లేనిక్ గారు ఒక్కో వెండిష్ మాట చెబుతుంటే దానికి సరిపడే నాలుగైదు ఫొటోలు చూపించి ప్లగిన్‌కి నేర్పింది. పని చేస్తోందో లేదో చూసుకోవడానికి మొదట తనకొచ్చిన తెలుగు మాటలు నేర్పి పరీక్షించింది. గడప, బాయి, దొడ్డి, సద్ది. ఆ మాటలు తర్వాత తీసేద్దామనుకుని మర్చిపోయింది.

ప్లగిన్ పనిచేయడం మొదలైన వారంలోనే లేనిక్ గారు ఒక మాట చెప్పాడు. ఒంటరిగా ఉండటం కష్టమవుతోందనీ, రోస్టాక్‌లో ఒక వృద్ధాశ్రమంలో గది దొరికిందనీ, అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని నోటీసు ఇచ్చేశాననీ అన్నాడు. మే నెలాఖరుకి ఆఫీసు మూసేస్తారు. ఫొటోలన్నీ డిస్కుల్లోకి ఎక్కించి ఎక్కడో గోదాములో పెడతారు. చెబుతున్నంతసేపూ ఆయన కాఫీ కప్పు కడుగుతూనే ఉన్నాడు.

బుధవారాల్లో ఆయనకు నడుం నొప్పికి ఫిజియో దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గానీ వచ్చేవాడు కాదు. ఆ తర్వాతి బుధవారం పదకొండింటికి ఒక పెద్దావిడ తలుపు తోసుకుని వచ్చింది. పొట్టి జుట్టు, చక్కగా ఇస్త్రీ చేసిన కోటు. ఆయన లేడు కదా అని ముందు నిర్ధారించుకుంది. అప్పుడు గానీ కూర్చోలేదు.

"పద్నాలుగో నంబరు ఇల్లు చూపించు," అంది.

అనూహ్య తెరిచింది. గడ్డి కప్పు దించి పెంకులు వేసిన ఇల్లు, పక్కన నీళ్ళ పంపు, గోడకి ఆనించి ఒక బెంచీ. బెంచీ ఖాళీగా ఉంది.

ఈ ఫొటో కాగితం మీద తన దగ్గరా ఉందని ఆవిడ చెప్పింది. తీసిన రోజు బెంచీ మీద వాళ్ళమ్మ కూర్చుని ఉందట. నీలం ఏప్రాన్ కట్టుకుని. ఇన్నేళ్ళుగా రోజూ తను వంట ముగించుకుని, భోజనానికి ముందు ఆ ఫొటో చూస్తుంది. అమ్మ ఒక్కనాడూ ఉండదు. పొద్దున పూట చూస్తే పొగ గొట్టంలోంచి పొగ వస్తుంటుంది. తర్వాత తలుపు వేసి ఉంటుంది. ఎక్కడికి వెళ్తుందో తెలీదు. ఆఫీసు మూసేస్తున్నారని పేపర్లో చదివి, ఒక్కసారి అమ్మ ముఖం చూసిపోదామని వచ్చింది.

అనూహ్య వెతకడం మొదలుపెట్టింది. "బెంచీ మీద ముసలావిడ" అని కొడితే ముగ్గురు వచ్చారు, ఎవరూ కాదు. "నీలం ఏప్రాన్" అంటే ఏడుగురు వచ్చారు. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్కరినీ చూసి పేర్లు చెప్పింది. వాళ్ళమ్మ లేదు. చర్చిలో వెతికారు, పాల కేంద్రంలో వెతికారు. పదకొండున్నర అయింది.

ఆవిడ చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుంది. లేవబోతూ, ఎవరూ అడక్కుండానే అంది.

"సీగ్‌ఫ్రీడ్ నా తమ్ముడు. నేను ఎడెల్‌ట్రౌట్‌ని. ఇల్లు పోయిన ఏడాదికే అమ్మ పోయింది. ఆ కొత్త ఫ్లాట్‌లో బతికినన్ని రోజులూ వాడి పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

అనూహ్య కీబోర్డు పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మా నాన్న కూడా అదే పని చేస్తారు. మా అమ్మ పుట్టిన ఊరు గనిలో పోయింది. ఆ మట్టి ఎత్తినవాళ్ళలో మా నాన్నా ఉన్నారు."

ఎడెల్‌ట్రౌట్ మళ్ళీ కూర్చుంది. "మీ అమ్మ ఆయనతో మాట్లాడుతుందా?"

"ఒక ఏడాదంతా మాట్లాడలేదు."

"ఆ ఏడాదంతా ఏం చేసింది?"

అనూహ్యకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ ఇంటి నిశ్శబ్దం ఆమెకు బాగా గుర్తుంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. ఏదైనా చెప్పాల్సి వస్తే అనూహ్యతో చెప్పించేది. అయినా ఫస్ట్ షిఫ్ట్ అయితే తెల్లవారుజామున లేచి పొయ్యి వెలిగించేది. స్టీలు గిన్నెలో అన్నం, పైన తొక్కు, బట్టలో మూట కట్టి గడప మీద పెట్టేది. నాన్న తలొంచుకుని తీసుకెళ్ళేవాడు. అమ్మ సద్ది కట్టుడు ఒక్కనాడు కూడా ఆపలేదు.

ఇదంతా చెబుతూ, సద్దికి జర్మన్‌లో మాట దొరక్క ఆగిపోయింది. ఆగినప్పుడే ఆమెకు తోచింది, ఆ మాటనే వెతికితేనో అని. ప్లగిన్ పన్నెండు గంటలకు మళ్ళీ చూస్తుంది. కానీ అంతవరకూ ఆగలేక, చేత్తోనే నడిపించింది. నలభై నిమిషాలూ ఇద్దరూ ఎదురుచూశారు. మధ్యలో రొట్టెల దుకాణం నుంచి రెండు బన్నులు తెచ్చుకుని తిన్నారు. ఎడెల్‌ట్రౌట్ తన బన్నులోంచి ఎండుద్రాక్షలు ఏరి పక్కన పెట్టింది.

పన్నెండున్నరకు అనూహ్య వెతికే డబ్బాలో తెలుగులో "సద్ది" అని కొట్టింది.

ఒకటే ఫొటో వచ్చింది. అది లేనిక్ గారు తెరవని ఫోల్డర్‌లోది. ఎవరో పత్రికవాళ్ళు తీసినది. దూరంగా ఊరి చివరి ఇల్లు, ఇవతల మట్టి గట్టు, గట్టు అంచున ఇనుప కొండలాంటి యంత్రం. దాని చట్రం మీద నలభై ఏళ్ళ సీగ్‌ఫ్రీడ్ కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మూత తీసిన ఎనామిల్ డబ్బా. చెంచాతో తింటున్నాడు. కింద మట్టిలో నీలం ఏప్రాన్ కట్టుకున్న ఒక ముసలమ్మ, మూతా, డబ్బా చుట్టిన గుడ్డా చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. చలిగాలికి ఆమె ఏప్రాన్ అంచు ఎగురుతోంది.

"అమ్మ," అంది ఎడెల్‌ట్రౌట్.

కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఇదే వేళప్పుడు తను ఖాళీ బెంచీని చూసింది. ఇన్నేళ్ళూ ఇదే వేళప్పుడు అమ్మ ఊరు దాటి నడిచి వెళ్ళి, వాడు తిన్నంతసేపూ అక్కడ నిలబడింది.

"అదేం మాట కొట్టావు?" అని అడిగింది.

"మా భాష. పనికి పోయేవాళ్ళకి ఇంట్లోవాళ్ళు మూట కట్టి ఇచ్చే అన్నం."

ఎడెల్‌ట్రౌట్ ఆ మాటను రెండుసార్లు నోట్లో పలికి చూసుకుంది. తర్వాత, సీగ్‌ఫ్రీడ్ ఎన్నింటికి వస్తాడని అడిగింది. ఇంకాసేపట్లో అని తెలిసి కూడా లేవలేదు.

లేనిక్ గారు ఆ రోజు కాస్త ముందే వచ్చాడు. తలుపు తీసి, లోపల ఎవరున్నారో చూసి, టోపీ చేతిలో పట్టుకుని అలాగే గుమ్మంలో ఆగిపోయాడు. అనూహ్య తన కుర్చీ ఖాళీ చేసి గోడ వారకు జరిగింది. ఎడెల్‌ట్రౌట్ తల తిప్పకుండా స్క్రీన్‌ను ఆయన వైపు జరిపింది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. చూశాడు. ఫొటోలో తను డబ్బా అడుగు గీరుతున్నాడు. ఏదో అడగబోయి నోరు తెరిచాడు.

"ఆగు. అమ్మ వెళ్ళేదాకా చూద్దాం," అంది అక్క.

ముగ్గురూ చూశారు. పైనుంచి డబ్బా కిందికి వచ్చింది. ముసలమ్మ మూత పెట్టి, గుడ్డ చుట్టింది. కొడుకు బూటుకి అంటిన మట్టిని రెండు వేళ్ళతో దులిపింది. తర్వాత వెనక్కి తిరిగి, గట్టు మీదుగా ఊరివైపు నడవడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పి వల్ల కాబోలు, మధ్యమధ్యలో ఆగుతూ పోయింది. చివరి ఇంటి మూల తిరిగి కనబడకుండా పోయేసరికి ఒంటిగంటన్నర అయింది.

"అమ్మ పోయినప్పుడు నన్ను పిలవలేదు నువ్వు," అన్నాడు లేనిక్ గారు. గొంతులో కోపమేమీ లేదు.

"పిలవలేదు," అంది ఆమె. చేతిసంచీ జిప్పు తీసింది, మళ్ళీ వేసింది. "ఇప్పుడు పిలుస్తున్నాను. నేనుండేది ఇక్కడే, సాండోవ్‌లో. మూడో అంతస్తు. లిఫ్టుంది."

ఆయన టోపీని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. అనూహ్య కాఫీ పెట్టే వంకతో పక్క గదిలోకి వెళ్ళింది. పని ఏమీ లేకపోయినా అక్కడే కాసేపు నిలబడింది. నాన్నకి ఫోన్ చేసి తిన్నాడో లేదో అడిగింది. సెకండ్ షిఫ్ట్ బ్రేక్‌లో ఉన్నాడట. "ఇప్పుడే తిన్న బిడ్డా. మీ అమ్మ చింతతొక్కు పెట్టింది. ఎందుకట్ల అడుగుతున్నవ్?" అన్నాడు. ఊరికే అంది.

రోస్టాక్ వాళ్ళకు లేనిక్ గారే ఫోన్ చేసి, గది వేరేవాళ్ళకు ఇచ్చేయమన్నాడు. ఆఫీసు మూసే మాట మళ్ళీ ఎత్తలేదు. ఎడెల్‌ట్రౌట్ ఫ్లాట్‌లో ఒక గది కుట్టు మిషనుకి మాత్రమే ఉపయోగపడేది. మిషను హాల్లోకి వచ్చింది. మే మొదటి శనివారం అనూహ్య, ఆమె రూమ్మేట్లూ కలిసి పెట్టెలు మోశారు. లిఫ్టులో నాలుగు పెట్టెలకు మించి పట్టలేదు.

మూడేళ్ళలో నాలుగు ఇళ్ళు మారిన అనూహ్యకు ఆ పనులన్నీ కొట్టినపిండి. కొత్త చిరునామా నమోదుకి, అదే ఆన్‌మెల్డుంగ్‌కి, టెర్మిన్ తనే తీసుకుంది, ఇంటివాళ్ళు సంతకం పెట్టాల్సిన కాగితం తనే నింపింది. అన్నీ అయ్యాక, బెల్లు దగ్గర అతికించడానికి ఆయన ఇంటిపేరు రాసిన చిన్న కాగితం ముక్కా, టేపూ పట్టుకుని కిందికి దిగింది. అది మర్చిపోతే ఉత్తరాలు రావు.

మూడో అంతస్తు బెల్లు వెతికి చూసింది. ఎడెల్‌ట్రౌట్ పెళ్ళి చేసుకోలేదు. ఎండకి వెలిసిపోయిన అట్టముక్క మీద, ముప్పై ఏళ్ళ కిందటి చేతిరాతతో, లేనిక్ అని ముందే రాసి ఉంది.